ఇంటి పుటకు ఊరి పేరు

మధురలో రైలు దిగి మీనాక్షమ్మ కోవెలకు కాలినడకను పోవు యాత్రికుడు మొట్టమొదట త్రొక్కునది పడమటి వెలివీథి. ఆ పేరిలోని ‘వెలి’ యను మాటను తెలుగువానికి వేరుగా వివరింప నక్కరలేదు. అది ఊరికి వెలిగా నున్న వీథి. రెండువందల యేండ్లకు పూర్వ మచ్చట వీథియే లేదు. అగడ్త యుండెను, అగడ్తకు లోపల కోటగోడ యుండెను. 1834 మొదలు 1847 వరకు మధురకు కలెక్టరుగా నున్న బ్లాక్‌బర్ను దొర, ఊరు గోడలనడుమ ఊపిరాడక యున్నదని తలచి, ఆ గోడలను పడగొట్టించి, వాని మట్టితోనే అగడ్తను పూడ్పించి, పట్టణమును వెలుపలికి సాగనిచ్చెను. ఆ పనియం దాయనకు తోడ్పడిన సర్వేయరు మారెట్టు పేరను, మేస్త్రీ పెరుమాళ్లు పేరను రెండు వీథులు నేటికిని గలవు. కోటను కూల్చినవారి పేర్లు ఇట్లు తపాలా చిరునామాలలో స్థిరపడుట చరిత్రకు అలవాటైన పరిహాసము.

ఆ కూలిన కోట తెలుగువారి కట్టడము. 1529 ప్రాంతమున విజయనగర సార్వభౌముని పంపున మధుర కధిపతియైన విశ్వనాథనాయకుడును, ఆయన దళవాయి అరియనాథ మొదలియారును పాండ్యులనాటి పాతగోడలను తొలగించి, విశాలమైన క్రొత్తకోటను గట్టించి, దానికి డెబ్బదిరెండు బురుజుల నమర్చి, రాజ్యమును డెబ్బదిరెండు పాళెములుగా విభజించి, ఒక్కొక్క పాళెగానికి ఒక్కొక్క బురుజు కాపు నప్పగించిరని సంప్రదాయము చెప్పుచున్నది. ఈ యేర్పాటులోని నేర్పు గమనింపదగినది. కోట యంతటికి ఒక్క కావలివాడున్నచో, వాడు నిద్రించిననాడు కోట యంతయు నిద్రించును. బురుజునకొక జవాబుదారి యున్నప్పుడో, ఎవని బురుజు నుండి శత్రువు చొరబడెనో వాని పేరు తెల్లవారులోపల తెలియును. అనగా ఆ కోటయందు ప్రతి రాతికిని ఒక ఊరిపేరుండెను.

గోడలు పోయినను ఊరి యాకృతి మాత్రము చెడలేదు. కోవెల ప్రాకారములోపల ఆడివీథి, దానిని చుట్టి చిత్తిరైవీథి, దాని కావల ఆవణిమూలవీథి, ఆపైని మాసివీథి, అన్నిటికిని కడపట వెలివీథి: ఈ విధముగా ఒకదానిలో నొకటి యొదిగిన అయిదు చతురస్రములుగా మధుర నేటికిని నిలిచియున్నది. లోపలికి పోయినకొలది చనవు హెచ్చును, వెలుపలికి వచ్చినకొలది సందేహము హెచ్చును.

ఈ కోట నా మనస్సున మెదలినది మధురలో గాదు. కోయంబత్తూరు పీళమేడులో, మా యింటి కంప్యూటరు ముందు.

మా పూర్వులు ఆ పాళెగాండ్రవెంట దక్షిణమునకు వచ్చినవారిలోనివారని మా యింట చెప్పికొందురు. వచ్చినవారు కమ్మవారు మాత్రమే కారు. బలిజలు, రెడ్లు, తొట్టియనాయకులు, నేతపని దేవాంగులు, తోలుపని అరుంధతీయులు, ఎవరి పనిముట్లతో వారు తరలివచ్చిరి. తుంగభద్రకును కృష్ణకును నడుమ విడిచివచ్చిన నల్లరేగడిని కోయంబత్తూరు చుట్టునున్న కొంగునాట మరల గుర్తుపట్టి, అందు ప్రత్తి విత్తిరి. 1888లో స్టేన్సు దొర నూలుమిల్లు వెలసినప్పుడును, 1910లో కుప్పుస్వామినాయుడు లక్ష్మీమిల్లును స్థాపించినప్పుడును, 1932లో పైకారా జలవిద్యుత్తు ఈ నేలకు దిగినప్పుడును, ఆ నల్లరేగడియే పునాదిగా నుండెను. ఇంతయైనను మా తెలుగు మాత్రము ఇంటి గడప దాటలేదు. మాటాడుటకు తెలుగు, చదువుటకు అరవము; ఈనాడు మా పిల్లలలో పెక్కండ్రు ‘అవ్వా, సంగటి పెట్టు’ అని తెలుగున నడుగుదురు గాని, ఆ మాటనే వ్రాయుమన్నచో అరవ లిపిలో వ్రాయుదురు. ఆ లిపిలో క-గ లకు భేదము లేదు గనుక మా యింటిపేర్లు సగము కాగితముమీదనే మారిపోయినవి.

ఈ సంగతికి నొచ్చుకొనిన మా తండ్రిగారు, కోయంబత్తూరు చుట్టుపట్టులను, మధుర, దిండుక్కల్లు ప్రాంతములను గల మా బంధువర్గమువారి యింటిపేర్లను, తాము వలస వచ్చితిమని వారు చెప్పుకొను మూలగ్రామములను, తెలుగు లిపిలో నొక పెద్ద చిట్టాకెక్కించిరి. 2003లో మా బంధువుల కుఱ్ఱవాడొకడు ఆ చిట్టాను వెబ్‌సైటు రూపమున మలచెను. దానిని ఇంటర్నెట్టున పెట్టుటకు డబ్బును, ఆసక్తియు చాలక, ఒక సీడీపై నెక్కించి పెండ్లికి వచ్చిన బంధువులకు పంచితిమి. ఎడమప్రక్కన ఊళ్ల పట్టిక. ఊరిపై నొక్కిన కుడిప్రక్కన ఇంటిపేర్లు విచ్చుకొనును. పెండ్లివారు అక్షతలు మరచి దానిని చూచిరనుట అతిశయోక్తి గాదు.

ఏడాది తిరుగకుండగనే ఆ విచ్చుకొనుట నిలిచిపోయెను. సీడీ పెట్టినప్పుడెల్ల తెరపైభాగమున పసుపుపచ్చని పట్టీయొకటి కానవచ్చి, తమ రక్షణార్థము ఈ ఫైలులోని చలనభాగమును నిలిపితిమనియు, కావలెనన్న తామే అనుమతి నీయవలయుననియు చెప్పుచుండెను. మా పెదనాయన అది వైరస్సని నిశ్చయించి, సీడీని బీరువాలో బెట్టి తాళము వేసెను. మొన్నటి వేసవిలో, ఇంజనీరింగు చదువుచున్న మా మనుమరాలు ఆ సీడీని వెదకి తీసి, దానిలోని చిట్టాను యూనికోడు తెలుగునకు మార్చి, ఈనాటి పద్ధతిని తిరుగ వ్రాసి, తన లాప్‌టాపులో ఫైలుపై రెండుమార్లు నొక్కి తెరచెను. ఊళ్ల పట్టిక వచ్చెను గాని యింటిపేర్లు రాలేదు.

“తాతా, నేను యాడ తప్పు చేస్తి? ఫైలు మనింట్లోదే గదా!” అని ఆమె లోపలి పొరపాట్ల పట్టీని తెరచి చూచి, ఒక నిమేషము తరువాత నవ్వి, “దీనికి ఊరు లేదంట తాతా,” అనెను.

నిజముగనే ఆ యెఱ్ఱని వాక్యములో, ఈ పుటయొక్క మూలము ‘నల్’, అనగా శూన్యము, కావున ఇది వేఱొక ఫైలు నడుగుటకు వీలులేదు, అను నర్థము వ్రాసియుండెను. ఇంటిలో పుట్టి, ఇంటిలో పెరిగి, ఇంటి గడప దాటని పుటకు, ఇంటిలోనే ‘నీదే ఊరు?’ అను ప్రశ్న యెదురగుట నాకు వింతగా తోచి, ఈ కావలి యెన్నడు పుట్టెనో తెలిసికొన బుద్ధిపుట్టినది.

మొదట బ్రౌజరునకు కావలియే లేకుండెను. ఉండ నక్కరయు లేదు. పుటయనగా అక్షరములు, బొమ్మలు, చదువుకొనవచ్చును, మూసివేయవచ్చును, కాగితము తనంతట లేచి ఇంటిలోని పెట్టెలు తెరవదు గదా. 1995 డిసెంబరులో నెట్‌స్కేపు సంస్థ జావాస్క్రిప్టును ప్రకటించి, తన నావిగేటరు రెండవ కూర్పులో చేర్చినప్పుడు ఈ స్థితి మారెను. పుటకు చేతులు, కన్నులు వచ్చెను. చేతులు రాగానే, ఒక కిటికీలో తెరచిన పరాయి పుట, ప్రక్క కిటికీలోని బ్యాంకు పుటను తొంగిచూడవచ్చునను భయమును వెంటనే పుట్టెను. ఆ కూర్పును స్వల్పముగా సవరించిన 2.02లోనే ‘సమానమూల’ నియమ మమలునకు వచ్చెను: ఏ మూలమునుండి వచ్చిన పుట ఆ మూలమువారి సొమ్మునే ముట్టవలయును.

మూలమనగా నేమి? 2011 డిసెంబరులో ప్రకటితమైన 6454 సంఖ్యగల ఇంటర్నెట్టు నిబంధన దీనిని మూడు సంగతులుగా నిర్ణయించినది: ఏ రీతిని వచ్చితివి, ఏ యింటినుండి వచ్చితివి, ఏ వాకిటి సంఖ్యనుండి వచ్చితివి. ఈ మూటిలో నొకటి తేడా వచ్చినను పరాయివాడే. క్రొత్తవాడు వచ్చినప్పుడు మా అవ్వ అరుగుమీదనుండియే ‘ఏ ఊరబ్బా? ఎవురింటోనివి? ఏపక్కనించి వస్తి?’ అని మూడు ప్రశ్నలడిగి గాని మంచినీరీయదు. ఆమెకు నిబంధన సంఖ్య తెలియకుండుటయే లోపము.

ఇంటర్నెట్టునుండి వచ్చు పుటల కీ ప్రశ్నలు తగియున్నవి. వాని కొక చిరునామా యుండును. ఇంటి డిస్కుపైనున్న ఫైలు మాటయేమి? ఈ చిక్కును తొలినాళ్లలో మైక్రోసాఫ్టువారు తమ రీతిని విడదీసిరి. 1997లో వెలువడిన ఇంటర్నెట్టు ఎక్స్‌ప్లోరరు నాలుగవ కూర్పులో వారు ప్రపంచమును మండలములుగా విభజించిరి: లోక మంతటికిని సంబంధించిన ఇంటర్నెట్టు, కార్యాలయపు లోపలి నెట్‌వర్కు, నమ్మదగినవారు, నిషిద్ధులు. ఇవి నాలుగును సెట్టింగుల పట్టికలో నెల్లరకు కానవచ్చునవి. అయిదవది, సున్న సంఖ్య గలది, ‘నా కంప్యూటరు’ అనునది, ఆ పట్టికలో కానరాక గర్భగృహమువలె నుండెను. దానిలోని ఫైలునకు దాదాపు ఏ పనికిని అడ్డులేదు. ఏలయన అది ఇంటివాడు. ఈ అయిదు మండలములను గీచినవారు మధుర మాసివీథిలో నడచియుండరు. అయినను, లోపలికి పోయినకొలది చనవును, వెలికి వచ్చినకొలది సందేహమును గల ఆ అమరిక చూచినప్పుడు, మీనాక్షమ్మ ఊరి పటమే నా కండ్లకు కట్టుచున్నది.

గర్భగృహమునకు చనవెక్కువ యైనప్పుడు దొంగ కోటగోడల నెక్కుట మానుకొని, అర్చకుని వేషము వేయును. అదియే జరిగినది. పరాయి పుటను ఏదో యుపాయమున ‘నా కంప్యూటరు’ మండలములోనికి జార్చి, అక్కడి చనవుతో అది యేమి చేయదలచిన అది చేయునట్లొనర్చు దాడులు పెచ్చుపెరిగెను. 2004 జూనులో డౌన్‌లోడ్‌జెక్టు అను పేర ప్రసిద్ధికెక్కిన దాడిలో, దుండగులు పేరుగల సంస్థల సర్వరులలోనే తమ విషమును కలిపి, వానిని చూడవచ్చినవారి కంప్యూటరులలో ఇట్టి మార్గముననే ప్రవేశించిరి.

మధుర నాయకుల చరిత్ర చదివినవానికి ఇందు క్రొత్తయేమియు లేదు. ఆ వంశముయొక్క ఆదికథయే ఇంటిలోని ద్రోహమునకును, ఇంటిలోని కావలికిని సంబంధించినది: తిరుగుబాటు చేసిన నాగమనాయకుని బంధించి తెచ్చుటకు విజయనగర ప్రభువు ఇతరుల నెవరిని పంపక, ఆతని కన్నకొడుకైన విశ్వనాథునే పంపెననియు, కొడుకు తండ్రిని బంధించి తెచ్చెననియు ఐతిహ్యము. అంత్యకథ యింతకంటె దారుణము. విజయరంగ చొక్కనాథుడు, తెలుగు వచనమున శ్రీరంగమాహాత్మ్యమును, మాఘమాహాత్మ్యమును రచించిన ఆ భక్తకవిరాజు, సంతానహీనుడై గతించిన పిమ్మట, రాజ్యము ఆయన రాణి మీనాక్షి పాలయ్యెను. తిరుచిరాపల్లి కోట ద్వారములకడకు వచ్చిన చందాసాహెబు, తాను ద్రోహము చేయనని పట్టుగుడ్డ చుట్టిన ఖురానుపై ప్రమాణము చేసెనట. రాణి నమ్మి ద్వారములు తెరపించెనట. ఆ పట్టుగుడ్డ విప్పి చూడగా లోపల గ్రంథము లేదట, ఇటుక యున్నదట. ఈ కథలో ఎంత నిజమో, ఎంత జనుల నోటి నేర్పో వేఱుమాట. కోట బురుజుమీదుగా పడలేదు, గుడ్డ చుట్టిన ఇటుకను గ్రంథమని నమ్ముటచే పడెనని జనులు రెండువందలయేండ్లకు పైగా చెప్పికొనుచు వచ్చుటయే నాకు ముఖ్యము.

2004 ఆగస్టులో విండోసు ఎక్స్‌పీకి వచ్చిన రెండవ సర్వీసుప్యాకు ఈ గుడ్డను విప్పిచూచెను. అంతవరకు అందఱికంటె చనవుగల సున్నమండలము, ఆ దినమునుండి ఇంటర్నెట్టు మండలముకంటెను కట్టుబాటుగలదయ్యెను. ఇంటర్నెట్టునుండి వచ్చిన పరాయి పుటలోని జావాస్క్రిప్టు స్వేచ్ఛగా నడచుచుండగా, ఇంటి డిస్కుపైనున్న పుటలోని జావాస్క్రిప్టునకు పసుపుపట్టీ అడ్డుపడెను. సెట్టింగులలో, అడ్వాన్స్‌డు అను భాగమున చిట్టచివర, ‘నా కంప్యూటరులోని ఫైళ్లలో చలనభాగములను అనుమతింపుము’ అనియు, ‘సీడీలనుండి వచ్చువానిని అనుమతింపుము’ అనియు రెండు గడు లుండెను. ఆ రెండవ గడి యునికియే, మా వలె సీడీలు పంచినవారు ఎంతమందియో యుండిరనుటకు సాక్ష్యము. మా పెదనాయనకు ఆ గడి చూపించువాడు లేకపోయెను.

ఈ కావలిని సవ్యముగా దాటుటకు ఆనాటి వెబ్‌సైటు కూర్పరులు ప్రయోగించిన ఉపాయము నన్నెంతయో నవ్వించినది, కొంత చింతింపజేసినది. పుట మొగదల, చదువరికి కానరాని వ్యాఖ్యగా, ఈ పుట ఫలానా చోటినుండి భద్రపరుపబడినదని యొక వాక్యమును, ఆ చిరునామాలోని అక్షరముల సంఖ్యను కుండలీకరణములలో నాలుగంకెలుగా వ్రాయవలయును. సామాన్యముగా వ్రాయు చిరునామా ‘అబౌట్:ఇంటర్నెట్’ అనునది. రోమను లిపిలో దానికి గుర్తుతో గూడ పదునాలుగక్షరములు గనుక, 0014 అని సంఖ్య. ఒక్క యక్షరము తప్పు లెక్కించినను చీటీ చెల్లదు. ‘వెబ్బుముద్ర’ యనదగిన ఈ చీటీయొక్క అర్థమేమన: అయ్యా, నేను ఇంటివాడను గాను, వెలివీథినుండి వచ్చిన పరాయివాడను, నన్ను పరాయివానివలెనే చూడుడు. అట్లు చెప్పుకొనగానే పసుపుపట్టీ తొలగెడిది! ఇంటివాడు తన యింటిలో నడయాడుటకై, తాను పరాయివాడనని నుదుట చీటీ యంటించుకొనవలసి వచ్చినది.

మాకిది యెరుగని సంగతి గాదు. తమిళులకు మేము ‘వడుగరు’లము, అనగా ఉత్తరాదివారము, అయిదువందల యేండ్లుగా ఈ బావులనీరే త్రాగుచున్నను ఆ పేరు మారలేదు. ఏ పెండ్లికో తిరుపతి దాటి ఉత్తరమునకు పోయినచో, అక్కడివారు మా యుచ్చారణ విని ‘అరవంవాళ్లా?’ అని యడుగుదురు. ఇక్కడ ఆ మూలము, అక్కడ ఈ మూలము. రెండింటిని కలిపి చూచుకొన్న, ఆ యెఱ్ఱని వాక్యములోని మాటయే మిగులును. అనాదరణ జరిగినదని నే నుద్దేశింపలేదు. పీళమేడు గోవిందస్వామినాయుడి కుమారులు నలుగురు తండ్రి యాస్తిని అయిదు పాళ్లు చేసి, అయిదవ పాలు ధర్మమునకు విడిచి, 1926లో స్థాపించిన పీఎస్‌జీ ధర్మసంస్థలలో చదివిన తమిళుల సంఖ్య తెలుగువారికంటె పెక్కు రెట్లు. ఈ నేల మమ్ము త్రోసిపుచ్చలేదు, మేమును దీనికి ముడుపు కట్టకపోలేదు. కాని ‘నీదే ఊరు’ అను ప్రశ్నకు మా జవాబు ఎల్లప్పుడు ఒక్క శ్వాస ఆలస్యముగా వచ్చును.

ఎక్స్‌ప్లోరరు వైభవము తగ్గినతరువాత వచ్చినవారు మండలముల గొడవ మాని, మూలనియమమునే ఇంటి ఫైళ్లకును విస్తరింపజేసిరి. 2008లో వెలువడిన ఫైరుఫాక్సు మూడవ కూర్పు ఒక మధ్యేమార్గ మవలంబించినది: ఇంటి పుట తన ఫోల్డరులోని ఫైళ్లను, దాని లోపలి ఫోల్డరులలోని ఫైళ్లను చదువవచ్చును, పైఫోల్డరునకు మాత్రము ప్రాకరాదు. కొడుకుల గదులలోనికి పోవచ్చును గాని తాతగారి గదిలోనికి పోరాదన్నట్లు. ఈ నియమము తెలుగు పుటలకు విచిత్రమైన బాధ తెచ్చినది. 2009లో ఫైరుఫాక్సు 3.5 పుటతోపాటు ఫాంటును గూడ తెచ్చుకొను సౌకర్యము కల్పింపగా, ఫాంటులను వేఱుగా ఒక ఫోల్డరులో పైన నుంచుట కూర్పరుల యలవాటు గనుక, ఇంటివద్ద పరీక్షించునప్పుడు ఆ ఫాంటు రాదు. సర్వరు కెక్కించిన పిమ్మట చక్కగా వచ్చును. యూనికోడు లిపి వాడని పాత తెలుగు పుటలలోనైతే, ఫాంటు రాకున్నచో అక్షరములకు మారుగా రోమనుగుర్తుల గందరగోళము తెరపై పరచుకొనెడిది.

అదే 2008 సెప్టెంబరులో బయలుదేరిన క్రోము వంశము ఇంటి ఫైళ్లయెడల మరింత కఠినమయ్యెను. ఒక్కొక్క ఫైలు ఒక్కొక్క మూలము, ప్రక్క ఫైలునకును ప్రక్క ఫైలునకును చుట్టరికము లేదు. ఫైరుఫాక్సువారును 2019 జులైలో 68వ కూర్పుతో ఈ దారికే వచ్చిరి. దానికి కారణము తెలిసినప్పుడు వారిని తప్పుపట్టలేకపోయితిని. ఎవరో పంపిన పుట నొకదానిని దింపుకొందుము. అది డౌన్‌లోడుల ఫోల్డరులో పడును. ఆ ఫోల్డరులోనే మన బ్యాంకు పత్రములు, ఆధారు ప్రతులు, పిల్లల మార్కుల పట్టికలు నుండును. ఒక ఫోల్డరువారందఱు చుట్టములే యనుకొన్నచో, ఆ వచ్చిన పుట ప్రక్కనున్న వానినన్నిటిని చదివి, ఎవరికో పంపగలదు. మరల ఆ గుడ్డ చుట్టిన ఇటుకయే.

ఇక మా యింటిపేర్ల పుటకు విమోచన మెట్లు? మా మనుమరాలి స్నేహితులు ఫోనులో తలకొక సలహా చెప్పిరి. బ్రౌజరును, ఫైళ్లు ఫైళ్లను చదువుట కనుమతించు నొక ప్రత్యేక సూచనతో ఆరంభింపుమని యొకడు. సఫారీ యైనచో డెవలపరు సెట్టింగులలో ఇంటి ఫైళ్ల యాంక్షలను తీసివేయు మాట గలదని యొకతె. ఫైరుఫాక్సు లోపలి సెట్టింగులలో పాతనియమమును తిరిగి నిలుపుమని వేఱొకడు. ఇవి యన్నియు పనిచేయును. ఇవి యన్నియు బ్లాక్‌బర్ను దొర పద్ధతులు. ఆయన గోడలు కూల్చుటకు హేతువుండెను. ఆనాటికి దక్షిణదేశమున పాళెగాండ్ర యుద్ధములు ముగిసి నలుబది యేండ్లు కావచ్చెను, గోడలకు పని లేదు. మన యింటి కంప్యూటరు చుట్టునో, యుద్ధము నడుమనే యున్నది. ఒక్క చిట్టా చూచుటకై, గోడను కూల్చి, కూల్చితిమని మరచి, సాయంత్రము ఆ బ్రౌజరుతోనే బ్యాంకు వాకిటికి పోవుట, జాబు తెచ్చినవాడు లోపలికి రావలెనని డెబ్బదిరెండు బురుజులను నేలమట్టము చేయుట వంటిది.

సవ్యమైన మార్గము వేఱొకటి గలదు. అది గోడను ముట్టదు, పుటకొక ఊరి నిచ్చును. ఇంటి కంప్యూటరులోనే చిన్న సర్వరు నొకదానిని నడిపి, ఫైలును డిస్కునుండి నేరుగా తెరువక, ఆ సర్వరునడిగి తెప్పించుకొనుట. పైథాను ఉన్నవారికి, పుటలున్న ఫోల్డరులో నిలిచి ఒక్క పంక్తి టైపుచేసిన చాలును. ఎనిమిదివేల సంఖ్యగల వాకిలి తెరచుకొనును. ఇక ఆ పుట 127.0.0.1 అను చిరునామానుండి వచ్చును. లోకల్‌హోస్టు అని మారుపేరుగల ఆ చిరునామా ప్రతి కంప్యూటరునకును తన యిల్లే. ఆ పంక్తిలోనే సర్వరును ఈ చిరునామాకు మాత్రమే కట్టివేసినచో, అచ్చటికి వీథిలోనివాడు రాలేడు. రీతి యున్నది, ఇల్లున్నది, వాకిలి యున్నది: అవ్వ మూడు ప్రశ్నలకును జవాబున్నది. ఆ ఫోల్డరులోని ఫైళ్లన్నియు ఒకే మూలమువారై, ఒకరినొకరు నిరాటంకముగ పలుకరించుకొందురు; ఆ ఫోల్డరు బయటివానికి మాత్రము ఏ హక్కును రాదు. రహస్యలిపి రక్షణ లేని చిరునామాలను అనుమానముతో చూచు నేటి బ్రౌజరులు గూడ, ఈ యొక్క యింటి చిరునామాను మాత్రము నమ్మకస్థుల వరుసలో కూర్చుండబెట్టును.

కోయంబత్తూరువారి కీ పద్ధతి సహజమైనదే. 1920లో పొల్లాచ్చి-పళని దారిలో ఒక్క బస్సుతో మొదలిడి, యంత్రములతో జీవితమంతయు చెలగాటమాడిన జి.డి.నాయుడు గారును, ఆయనతో కలసి 1937లో విద్యుత్తు మోటారును స్వదేశముననే నిర్మించిన బాలసుందరంనాయుడు గారును నడచిన ఊరిది. ఇక్కడి పంపుసెట్టుల కార్ఖానాలలో మోటారును నేలమీద పెట్టి, చేతికందిన తీగ తగిలించి చూచి, ‘తిరిగినది, చాలు’ అని బండి కెక్కింపరు. నిజమైన నీటితొట్టి, నిజమైన గొట్టము, నిజమైన యెత్తు అమర్చిన బల్లపై నడిపి, బావిలో నెట్లు నడచునో ఇక్కడనే చూచుకొందురు. డిస్కుమీది ఫైలును రెండుమార్లు నొక్కి తెరచుట మొదటిది. లోకల్‌హోస్టున తెరచుట రెండవది. పుట తుదకు సర్వరునుండి నడువవలసినదైనప్పుడు, దానిని సర్వరునుండియే పరీక్షించుట న్యాయము.

మా మనుమరాలు ఆ పంక్తి టైపుచేసెను. నల్లని కిటికీలో రెండు తెల్లని వాక్యములు మెరసెను. చిరునామా కొట్టగానే ఊళ్ల పట్టిక వచ్చెను. ఊరిపై నొక్కగానే, ఇరువదేండ్లకు పైగా బీరువాలో తాళము క్రింద నుండిన యింటిపేర్లు, ఈసారి క-గ లు చెడక, నిండైన తెలుగక్షరములతో కుడివైపున విచ్చుకొనెను. ఆమెకు తెలుగక్షరములు రావు. నేను చదువుచుండ ఒక్కొక్కదానిని అరవ లిపిలో తన పుస్తకమున వ్రాసికొనెను. నడుమ ఆమె ఆ నల్లని కిటికీని పొరబాటున మూసివేయగా ఊరంతయు మాయమై, మరల ఆ పంక్తిని టైపుచేయవలసి వచ్చినది.

పట్టికలో ప్రతి యింటిపేరునకు ఎదుట ‘మూలగ్రామము’ అని యొక గడి గలదు. కొందఱి గడులలో కృష్ణాతీరపు ఊళ్లపేర్లు, కొందఱికి బళ్లారి ప్రాంతపు ఊళ్లు, కొన్నింటికి రెండేసి. మా యింటిపేరు వచ్చుసరికి గడి ఖాళీగా నున్నది. పంక్తి తప్పినదేమో యని కాగితపు చిట్టా తెరచి చూచితిని. కాగితముపైనను ఖాళీయే, మా తండ్రిగారు అచ్చట కలము మోపిన చుక్క మాత్ర మున్నది.

“ఏం రాసేది తాతా?” అని ఆమె యడిగెను. నాకు వెంటనే మాట రాలేదు. ఆమె కొంతసేపు చూచి, తనకు వచ్చిన అరవ లిపిలోనే ‘పీళమేడు’ అని టైపుచేసి, ఫైలును దాచి, పుటను తిరిగి తెప్పించెను.